నా మెడ మీద మచ్చకి నేను వేసిన మార్కులు

థైరాయిడ్ గడ్డ తీసేసిన మూడు నెలలకి చెకప్‌కి వెళ్తే, నర్సు ఒక కాగితం ఇచ్చి "మచ్చకి మీరే మార్కులు వేయండమ్మా" అంది.

నొప్పి, దురద, రంగు, బిరుసు, మందం, ఎగుడుదిగుడు. ఒక్కోదానికి 1 నుంచి 10. మామూలు చర్మంలా ఉంటే 1, ఊహకందే అధ్వాన్నం 10. మార్కులెక్కువైతే ఫెయిలన్నమాట, నేను ముందు తిరగేసి వేశాను! దీని పేరు పోసాస్. 2004లో నెదర్లాండ్స్ డాక్టర్లు తెచ్చారు. అంతకుముందున్న వాంకూవర్ స్కేల్‌లో డాక్టరు చూసి వేయడమే, పేషెంటుని అడిగేది లేదు.

నొప్పికి 2 వేశాను. దురద దగ్గర ఆగాను. నల్లపూసల గొలుసు సరిగ్గా గాటు మీదే పడుతుంది, చెమట పట్టిందంటే గోక్కోకుండా ఉండలేను. 7. గుటక వేస్తే లోపలికి లాగినట్టుంటుంది కాబట్టి బిరుసు 6. మందం 5, ఎగుడుదిగుడు 3. రంగే తేలలేదు. మా ఇంటి అద్దంలో గోధుమ రంగు, ఆస్పత్రి ట్యూబులైటు కింద వంకాయ రంగు. చివరికి 8 వేశాను. నిజం చెప్పాలంటే ఆ 8 రంగుకి కాదు. అంతకు ముందు వారం పెళ్లిలో ఒకావిడ "మెడకేమైందమ్మా?" అని నలుగురిలో అడిగింది, దానికి.

మొత్తం 31. డాక్టరుగారు వేలితో నొక్కి చూసి 13 వేశారు. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆయన కాగితంలో నొప్పి, దురద అనే మాటే లేదు. పైకి కనిపించేవి, చేతికి తగిలేవి మాత్రమే.

నా 7 చూశాక మాత్రం ఆయన గొలుసు గురించి అడిగారు, పొడుగుది వేసుకోమన్నారు. గాటు హద్దు దాటి పెరగలేదు కాబట్టి కీలాయిడ్ కాదట. మచ్చ మెత్తబడి, రంగు తగ్గి ఒక స్థితికి రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందన్నారు. మచ్చ అణగడానికి దాని మీద అంటించుకునే సిలికాన్ షీట్ మన ఎండలకి చెమటతో ఊడిపోతుంటే జెల్‌కి మారాను. బయటికెళ్తే సన్‌స్క్రీన్. మా అత్తగారైతే "నాకసలు కనిపించట్లేదే" అనేవారు, కళ్లజోడు లేకుండా.

ఏడాదికి మళ్లీ అదే కాగితం. నొప్పి 1, దురద 1, బిరుసు 3, మందం 3, ఎగుడుదిగుడు 2, రంగు 4. మొత్తం 14.

"బాగానే కలిసిపోయిందిగా, రంగుకి 4 ఎందుకమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"వచ్చే నెల మా మరిది పెళ్లండీ" అన్నాను.