పాస్‌పోర్ట్ చివరి పేజీ

"ముందు పేజీ జిరాక్సే ఉంది బాబూ, వెనకది లేదు." ఈ మధ్యాహ్నం పర్లాకిమిడి జిరాక్స్ కొట్లో ఓ పెద్దాయన. కొడుకు సూడాన్‌లో ఉన్నాడు. పదకొండు రోజులుగా ఫోన్ లేదు.

తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా ఉండేది ఆ చివరి పేజీలోనే. మన సరిహద్దు ఊళ్ళలో పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటే, రేషన్ కార్డులో చివరికి పోతుంది. మనిషి ఆచూకీ లేదని ఇచ్చే ఫిర్యాదులో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక్క అక్షరం మారకుండా రాయాలి.

విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసిపెట్టుకోండి. అదే రోజు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, రాయబార కార్యాలయానికి మెయిల్. 2023 యుద్ధం మొదలయ్యాక మన రాయబార కార్యాలయం వాళ్ళు రాజధాని ఖార్టూమ్ వదిలి పోర్ట్ సూడాన్ నుంచి పనిచేశారు, ఇప్పటి చిరునామా ఏదో చూసుకుని పంపండి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కూడా వెతుకుతుంది, డబ్బు తీసుకోదు.

చివరి మెసేజీ తేదీ, టైము, పంపిన లొకేషన్, కంపెనీ పేరు, ఏజెంటు నంబరు ఒకే కాగితం మీద ఉండాలి. వాట్సాప్ చాట్ చెరపొద్దు. డబ్బడుగుతూ ఫోనొస్తే కంగారులో పంపేయకండమ్మా, ముందు నంబరు పోలీసులకివ్వండి. బందీ వీడియోని గ్రూపుల్లో తిప్పొద్దు.

2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్‌లో 39 మంది మనవాళ్ళు ఐసిస్ ఉగ్రవాదుల చేతికి చిక్కారు. మోసుల్ దగ్గరి బాదూష్‌లో మట్టిదిబ్బలో దొరికినవి వాళ్ళ శవాలేనని 2018 మార్చిలో తేలింది, ఇంటివాళ్ళిచ్చిన డీఎన్ఏతోనే. నాలుగేళ్ళ ఎదురుచూపు. తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

ఆ పేజీ ఫొటో చివరికి కోడలి ఫోన్‌లో దొరికింది. వేలి నీడ పడింది గానీ అక్షరాలు చదవొచ్చు.