కిటికీలో కీరదోస

కిటికీ దగ్గర కుండీలో కీరదోస విత్తనం పెట్టి రెండు నెలలైంది. మొదట్లో పూసిన పూలన్నీ రాలిపోతుంటే తెగ టెన్షన్ పడ్డాను. ముందు వచ్చేవి మగపూలేనట, రాలడం మామూలేనట. ఆడపువ్వు వెనకాల వేలి గోరంత నూగు పిందె ఉంటుంది. తీరా అవి వచ్చాక, అవీ పసుపెక్కి ఎండిపోయాయి. మరి మూసిన గదిలోకి తేనెటీగ ఎక్కడినుంచి వస్తుంది! ఇక ఆ పని నేనే మొదలుపెట్టాను. పొద్దున్నే మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దడం. ఇంట్లోవాళ్లు నాకు పెళ్లిళ్ల పేరయ్య అని పేరు పెట్టేశారు. కొన్నాళ్లకు ఒక పిందె లావెక్కి కిందికి వేలాడింది. నులితీగ ఒకటి కర్టెన్‌ని చుట్టేసుకుంది. విడదీయబుద్ధి కాలేదు, కర్టెన్ వేయడమే మానేశాం.