కాకా గోళ్లు

కుర్దిష్ భాషలో 'కాకా' అంటే అన్న. మా జగిత్యాల వైపు కాక అంటే బాబాయి. ఇరాక్‌లోని ఎర్బిల్‌లో అపార్టుమెంట్లకు పుట్టీ పట్టే పనిలో చేరిన రోజు నా చెవికి సొంతంగా తోచిన మాట అదొక్కటే. అందుకే నాతో పాటు పనిచేసే ఆయనను కాకా అనే పిలుస్తాను. ఆయనా నాలాగే పొట్టకూటికి వచ్చినవారే. ఊరు సరిహద్దుకు అవతల, ఇరాన్‌లోని కెర్మాన్‌షా దగ్గర, గూరాన్ ప్రాంతం.

ఎంత ఎండలోనైనా కాకా చేతి తొడుగులు తీయరు. చర్మవ్యాధేమో అనుకున్నాం. ఒక శుక్రవారం గదిలో గుడ్డ విప్పి, వాద్యాన్ని ముద్దుపెట్టుకుని ఒళ్లోకి తీసుకున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. అది తన్‌బూర్. పేరు వినగానే మా ఊళ్లో తంబూర కథ చెప్పేవాళ్లు కళ్లముందు మెదిలారు. కానీ వాద్యం వేరు. మల్బరీ చెక్కతో చేసిన బుర్ర, సన్నని పొడవాటి మెడ, దాని మీద 14 మెట్లు. మీటడానికి ఏ ముక్కా వాడరు. కుడిచేతి వేళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి తీగల మీద దొర్లిపోతాయి. సున్నం తిన్న గోళ్లకు ఆ నాదం పలకదు.

కాకా వంటి యార్సాన్ మతస్థులకు తన్‌బూర్ పవిత్రం. 'జమ్' అనే వాళ్ల ప్రార్థనలో ఒకరు కలామ్ అనే పవిత్ర గీతం పాడుతూ వాయిస్తే చుట్టూ కూర్చున్నవాళ్లు అందుకుంటారు. అలాంటి బాణీలు 72 అని చెబుతారు. తరతరాలుగా ఇవి కాగితం మీద కాదు, గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి వచ్చాయి. అలీ అక్బర్ మొరాదీ వంటి విద్వాంసులు ఈ సంగీతాన్ని దేశదేశాలకు వినిపించారు. కాకాకు మాత్రం సంగీతమంటే ఆయన ఉస్తాద్ చేయి ఒక్కటే.

ఆ ఉస్తాద్ పోయారని చలికాలంలో కబురు వచ్చింది. కాకాకు సెలవు దొరకలేదు. మా నాన్న పోయినప్పుడు నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండిపోయింది. ఆ దుఃఖం తెలిసినవాణ్ణి కనుకనే ఓదార్పు మాటలు నోటికి రాలేదు. టీ కాచి ఇచ్చాను, అంతే.

శుక్రవారం వచ్చింది. పుట్టీ డబ్బాకు ఫోను ఆనించి పెట్టాం. అవతల ఉస్తాద్ ఇల్లు, ఒళ్లో తన్‌బూర్లతో నలుగురు శిష్యులు. ఇది జమ్ కాదు కనుక కలామ్ వాయించనని కాకా అన్నారు. 'జెలో షాహీ' ఎత్తుకున్నారు. పూర్వం రాజు ఊరేగింపుకు ముందు నడిచిన బాణీ అట.

"ఇక్కడి నుంచైనా ఆయన ముందు నడవాలి తమ్ముడూ" అన్నారు.

అవతలి తీగలు ఫోనులో ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చేవి. మొదట కాకా తడబడ్డారు. చేయి ఆపి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఒక్కో పలుకు ముగిశాక వేళ్లు గాలిలో నిలిపి, అవతలివాళ్లు దాన్ని అందుకుని ముగించేదాకా ఆగారు. ఆ తర్వాతే ముందుకు సాగారు. ఆ ఆగడం కూడా బాణీలో ఒక భాగమేనన్నట్టు వినిపించింది నాకు.

అయిపోయాక తన్‌బూర్‌ను ముద్దుపెట్టుకుని గుడ్డలో చుట్టారు. అవతల ఒక పెద్దావిడ ఫోను దగ్గరికి వచ్చి ఏదో అడిగారు. ఉస్తాద్ భార్య.

"గోళ్లు ఎలా ఉన్నాయని అడుగుతున్నారు" అని నాతో చెప్పి, కాకా రెండు చేతులూ ఫోనుకు ఎదురుగా చాపి చూపించారు.