డిగ్రీ ఫైనలియర్‌లో ఉండి లాసెట్‌కు చదవడం

లా కాలేజీల్లో చేరేందుకు రాసే ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలంటే ఆఖరి సెమిస్టర్‌ను పక్కన పెట్టాలి, లేదంటే హైదరాబాద్ పోయి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకోవాలి అని మా కాలేజీలో చాలామంది అనుకుంటున్నారు. జూనియర్లు కూడా "అక్కా, రెండూ ఒక్కసారే ఎట్లయితయ్?" అనే అడుగుతున్నారు. అవుతాయి. నేను పరకాల దగ్గరి ఊరి నుంచి రోజూ హన్మకొండకు వచ్చి బీఏ చదువుతూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి తయారవుతున్నాను, ఇంటి దగ్గర పత్తి చేను పని కూడా ఉంటుంది. నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను, మీ ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకోండి.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. 120 ప్రశ్నలకు 120 మార్కులు, టైమ్ 90 నిమిషాలు. జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 లా ఆప్టిట్యూడ్. నెగెటివ్ మార్కులు లేవు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు, అది కూర్చుని ఆలోచించి తేల్చే టైమ్ కాదు, చూడగానే తెలిసి ఉండాలి. అలా తెలియాలంటే చివరి నెలలో రాత్రీపగలూ చదివితే సరిపోదు, ఏడాది పొడుగునా రోజూ ఎంతో కొంత చూస్తూ ఉండాలి, ఆ పని డిగ్రీ చేస్తూ కూడా చేయొచ్చని నా గట్టి నమ్మకం. పైగా డిగ్రీని వదిలేస్తే అసలుకే మోసం. జనరల్ వాళ్లకు డిగ్రీలో 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి, బ్యాక్‌లాగ్ మిగిలితే మంచి ర్యాంకు వచ్చినా సుబేదారి లా కాలేజీ సీటు మనది కాదు.

సిలబస్‌లో పెద్ద ముక్క మనం క్లాసులో చదువుతున్నదే. పొలిటికల్ సైన్స్‌లో రాజ్యాంగం ఉంది కదా. 14, 19, 21, 32 అధికరణలు, హైకోర్టు రిట్లకు (హక్కుల కోసం కోర్టు ఇచ్చే ఆదేశాలకు) 226, 1976లో 42వ సవరణ, 1978లో 44వది, 2002లో 86వ సవరణతో వచ్చిన 21ఎ, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని 1973లో 13 మంది జడ్జీలు 7-6తో తీర్పిచ్చిన కేశవానంద భారతి కేసు, ఇవన్నీ సెమిస్టర్లో వ్యాసం ప్రశ్నలు, లాసెట్‌లో బిట్లు. నేను సెమిస్టర్ కోసం జవాబు రాసుకున్నాక అదే కాగితం పక్కన పెన్సిల్‌తో ఆ జవాబులోంచి వచ్చే బిట్లు రాసుకుంటాను. ఒక్కసారి చదివింది రెండు పరీక్షలకూ పనికొస్తుంది.

క్లాసులో లేనివి కాంట్రాక్ట్ (ఒప్పందాల చట్టం), టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం సంగతి), నేరాల చట్టం. వీటిని బట్టీ పడితే నిలవవు, ఎవరికైనా చెప్పాలి. పత్తి ఏరుతూ మా చెల్లెకు మొహొరీ బీబీ కేసు చెప్పాను. ధర్మోదాస్ ఘోష్ అనే అతను మైనర్‌గా ఉన్నప్పుడే ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, అతను మైనర్ అని అప్పిచ్చిన వాళ్ల తరఫు మనిషికి ముందే తెలుసు, 1903లో, అప్పట్లో మన దేశానికి అన్నింటికన్నా పై కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని చెప్పింది. చెల్లె వెంటనే "మరి అప్పిచ్చినాయన పైసలు?" అని అడిగింది. తిరిగి ఇప్పించాల్సిన పని లేదన్నారు. అన్యాయం కాదా అని తను, మైనర్‌ని కాపాడకపోతే రేపు ఎవడైనా పిల్లలతో సంతకం పెట్టించుకుంటాడు కదా అని నేను, సాలు అయిపోయేదాకా వాదించుకున్నాం. ఆ తర్వాత 1872 కాంట్రాక్ట్ చట్టంలో మైనర్ గురించి ఏ బిట్టు వచ్చినా నాకు టెన్షన్ లేదు.

రోజును నేను గంటల లెక్కన పంచుకోలేదు, ఎందుకంటే నా గంటలు నా చేతిలో లేవు. బస్సు ఎప్పుడొస్తుందో, క్లాసు జరుగుతుందో లేదో, ఇంటికి పోగానే ఏం పని ఉంటుందో చెప్పలేం. అందుకని నిలబడి చేసేది ఏది, కూర్చుని చేసేది ఏది, పెన్ను కావాల్సింది ఏది అని విడదీసుకున్నాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక జీరో టికెట్‌తో నాలాంటి వాళ్లకు చార్జీల భారం పోయింది, అది చాలా పెద్ద మేలు, కానీ పొద్దున బస్సులో పుస్తకం తెరిచే జాగా ఉండదు. అప్పుడు చెవిలో ఆకాశవాణి వార్తలు, లేదా నేనే ఫోన్లో రికార్డు చేసుకున్న అధికరణలు. క్లాసు లేని పీరియడ్‌లో మెంటల్ ఎబిలిటీ, దానికి పెన్నూ బల్లా కావాలి. రాత్రి తిన్నాక సెమిస్టర్ జవాబులు. నిద్ర మాత్రం తగ్గించను, నిద్ర లేని రోజు చదివింది తెల్లారేసరికి గుర్తుండదు. పత్తి ఏరే రోజుల్లో ఆదివారాలు చేనుకే పోతాయి, ఆ రోజుకు అసలు చదువు పెట్టుకోకపోతేనే మనసు నెమ్మదిగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. సెకండ్ హ్యాండ్ గైడ్లు కొనేటప్పుడు ఏ ఏడాదివో చూడండి. 2024 జులై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు శిక్ష చెప్పే 302 సెక్షన్ ఇప్పుడు 103, మోసానికి అందరికీ తెలిసిన 420 ఇప్పుడు 318లో ఉంది. నేను పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసి గోడకు అంటించుకున్నాను.

ఇంత కష్టం ఎందుకంటే, మా ఊళ్లో భూమి కాగితాల గొడవ లేని ఇల్లు తక్కువ. బాపు కాగితాలు పట్టుకుని తిరిగినప్పుడు అందులో ఏం రాసి ఉందో నిదానంగా చదివి చెప్పిన వాళ్లు లేరు. ఆ చెప్పే మనిషిని నేను కావాలి.

లాసెట్ మామూలుగా మేలోనో జూన్‌లోనో ఉంటుంది, సెమిస్టర్ పరీక్షలు కూడా ఆ దరిదాపుల్లోనే పడతాయి. ఆ రోజుల్లో లాసెట్‌కు వార్తలు, పెన్సిల్ బిట్లు మాత్రమే ఉంచుకుంటాను. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి మాక్ టెస్టులు ఫోన్లో కాకుండా కంప్యూటర్ మీదే రాయండి, ప్రశ్న ఇంగ్లిష్‌లో, తెలుగులో రెండింట్లో కనిపిస్తుంది, ఏది చూసి చదవాలో ముందే తేల్చుకుంటే సెకన్లు మిగులుతాయి. పరకాలలో ఒక నెట్ సెంటర్ అన్నను అడిగాను, ఆదివారం పొద్దున సిస్టమ్‌లు ఇస్తానన్నాడు, ఏప్రిల్ నుంచి మొదలుపెడతాను. అటువైపు వాళ్లెవరైనా ఉంటే వచ్చేయండి, కలిసి రాద్దాం.