సగం పొలం

మంగళవారం, రాత్రి.

ఇవాళ్టి బైబిలు వాక్యభాగం 2 సమూయేలు 19. అబద్ధపు నింద అనగానే అందరికీ యజమాని భార్య నింద వేసిన యోసేపే గుర్తొస్తాడు, పాత రాజు సౌలు మనవడు మెఫీబోషెతు ఎవరికీ తోచడు. రెండు కాళ్లూ కుంటి. కొడుకు అబ్షాలోము తిరుగుబాటుకు దావీదు రాజు యెరూషలేము విడిచి పోతుంటే మెఫీబోషెతు సేవకుడు సీబా ఎదురొచ్చాడు: రెండు గాడిదలు, 200 రొట్టెలు, 100 ఎండు ద్రాక్షగెలలు, ఒక తిత్తి ద్రాక్షారసం. మీ యజమాని ఎక్కడ అంటే, రాజ్యం తనకే దక్కుతుందని ఊళ్లోనే ఉండిపోయాడన్నాడు. రాజు మారు మాట అడక్కుండా ఆస్తంతా సీబాకిచ్చేశాడు. ఆకలి మీదున్నవాడికి రొట్టెతో పాటు చాడీ కూడా తేలిగ్గా దిగుతుంది.

రాజు తిరిగొచ్చేసరికి మెఫీబోషెతు వాలకం 24వ వచనంలో ఉంది. రాజు వెళ్లిన రోజు నుంచి కాళ్లు కడగలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. జరిగింది ఒక్కసారే చెప్పాడు: గాడిదకు గంత కట్టించుకుని బయల్దేరాలనుకున్నాను, నా పనివాడు మోసం చేసి నా మీద కొండెం చెప్పాడు. నీకు సీబాకు చెరిసగం, అన్నాడు రాజు. సీబా మాట అబద్ధమైతే అంతా తిరిగివ్వాలి, నిజమైతే ఏమీ ఇవ్వకూడదు. ఈ సగం ఏమిటో! తీర్పరికి విసుగొచ్చినప్పుడు ఇలాగే అవుతుంది.

ద్వితీయోపదేశకాండము 19:15-19 ప్రకారం ఒక్క సాక్షి చాలడు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. న్యాయాధిపతులు బాగా విచారించాలి. సాక్ష్యం అబద్ధమని తేలితే ఎదుటివాడికి తలపెట్టిన కీడే సాక్షికి చేయాలి. ద్రాక్షతోట కోసం అబద్ధపు నింద పడ్డ నాబోతు కేసులో సాక్షులు లెక్కకు సరిగ్గా ఇద్దరున్నారు, విచారణే లేదు, మనిషి రాళ్ల దెబ్బలకు పోయాడు.

నింద పడితే నోరు మెదపకూడదని చాలామంది చెబుతారు, విచారణలో యేసు మౌనం చూపించి. కానీ చెంప మీద కొట్టిన బంట్రౌతును ఆయన నిలదీశాడు: నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చూపించు (యోహాను 18:23). శత్రువులైన కల్దీయుల (బబులోనువాళ్ల) పక్షం చేరబోతున్నావని యెరూషలేములో బెన్యామీను గుమ్మం దగ్గర పట్టుకుంటే యిర్మీయా ప్రవక్త, అది అబద్ధం, అన్నాడు. అయినా కొట్టి బంధించారు. తర్వాత రాజు పిలిపిస్తే నా తప్పేమిటని అడిగి, నన్ను మళ్లీ ఆ బంధించిన ఇంటికి పంపొద్దని వేడుకున్నాడు. బందీఖానా ఆవరణలో చోటు, రోజుకో రొట్టె దొరికాయి. అంటే చెప్పాల్సింది తేల్చగలవాడి దగ్గర, సూటిగా. కనబడ్డ ప్రతివాడికీ సంజాయిషీ ఇస్తూ పోతే మాట పలచబడుతుంది, నింద మాత్రం ఇంకో నాలుగిళ్లు తిరుగుతుంది.

దానికి ముందు 7వ కీర్తన 3-5 వచనాల పని ఒకటుంది. నేను ఇది చేసుంటే, నాతో సమాధానంగా ఉన్నవాడికి కీడు చేసుంటే, అని దావీదు ఒక్కో ఆరోపణనూ విడిగా తన మీద పెట్టుకుని చూసుకుంటాడు. ప్రతిదానికీ 'చేసుంటే' అనే షరతు ఉంది. అది వదిలేసి చదివితే, చేయని తప్పును నెత్తిన వేసుకున్నట్టవుతుంది.

రాజు క్షేమంగా వచ్చాడు, పొలమంతా సీబానే తీసుకోనివ్వండి, అన్నాడు మెఫీబోషెతు. చివరికి అది ఎవరు దున్నుకున్నారో గ్రంథంలో లేదు.