60 డిగ్రీల స్కేలు, మా అమ్మాయి, మా ఇంటి తెలుగు

ఇంట్లో తెలుగు నిలబడాలంటే పెద్దవాళ్ల చేతుల్లోనూ పిల్లల చేతుల్లోనూ ఒకే పని ఉండాలని నా నమ్మకం. వారాంతపు తెలుగు తరగతులు మంచివే. మా అమ్మాయి అక్షరాలు నేర్చుకున్నది అక్కడే. కానీ పన్నెండేళ్ల పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని "తెలుగులో మాట్లాడు" అంటే ఏం మాట్లాడుతుంది? అదే బల్ల మీద గుడ్డ పరిచి, "స్కేలు కాస్త ఇటు జరుపు, జారుతోంది, గట్టిగా పట్టుకో" అంటే, "ఎటు అమ్మా, నా వైపా?" అని తెలుగులోనే జవాబొస్తుంది. మా ఇద్దరికీ అలా కుదిరిన పని క్విల్టింగ్, అంటే గుడ్డముక్కలు కోసి, డిజైన్‌గా కలిపి దుప్పట్లలాంటివి కుట్టడం. అందులోనూ మమ్మల్ని గంటలకొద్దీ కూర్చోబెట్టేది త్రిభుజాల స్కేళ్లు.

చూడటానికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్కలు. ఒక్కోటి ఒక్కో త్రిభుజం ఆకారంలో ఉంటుంది, మీద బోలెడు గీతలు, అంకెలు. గుడ్డను పట్టీలుగా కోసి, ఈ స్కేలును ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా పెట్టుకుంటూ రోటరీ కట్టర్‌తో (గుండ్రంగా తిరిగే బ్లేడున్న కత్తి) కోసుకుంటూ పోవాలి. (కట్టర్ మాత్రం ఇప్పటికీ నా చేతిలోనే ఉంటుంది. వాడగానే బ్లేడు మూసెయ్యాలన్న నియమం మాత్రం ఇద్దరికీ ఉంది.) చిక్కంతా ఆ స్కేలు మీది అంకె ఏ కోణాన్ని చెబుతోంది, ఏ గీత ఏ కొలతను చెబుతోంది అన్న దగ్గరే.

మా అమ్మాయి ఆరు త్రిభుజాలు కలిపి నక్షత్రంలాంటిది చేద్దామనుకుంది. ఆరూ శ్రద్ధగా కోసి, కుట్టే ముందు బల్ల మీద మొనలు కలిపి పేర్చి చూస్తే చివర్లో పెద్ద ఖాళీ మిగిలింది. ఇంకోటి పెడదామంటే పట్టదు. "ఆరు అరవైలు మూడొందల అరవై కదమ్మా, ఎందుకు సరిపోలేదు?" అంది. లెక్క సరైనదే, స్కేలు వేరు. తను వాడినది చతురంలో ఇమిడే త్రిభుజానికి చేసిన స్కేలు. అందులో అడుగు ఎంత ఉంటే ఎత్తు అంతే ఉంటుంది. పై కోణం దాదాపు 53 డిగ్రీలు, కింది రెండూ 63న్నర చొప్పున. ఆరు కలిపితే 319 దాటదు. సమబాహు త్రిభుజంలో ఎత్తు భుజం కన్నా తక్కువ, భుజాన్ని 0.866తో గుణిస్తే వచ్చేది. రెండు స్కేళ్లనూ విడివిడిగా చూస్తే ఒకటేననిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టించాను. అప్పుడు కనబడింది తేడా.

నేను చదువుకున్న తీరు వేరు. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని సమాంతర రేఖ గీసి నిరూపించి మార్కులు తెచ్చుకున్నాం. ఆ నిరూపణ ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను. మా అమ్మాయి చదువులో ముందు కాగితం మడతపెట్టడం, కత్తిరించడం, పేర్చడం, పేరూ సూత్రమూ ఆ తర్వాత. ఏది గొప్ప అన్న వాదన నాకు అక్కర్లేదు. తను పేర్చి చూస్తుంది, అలా ఎందుకయిందో నేను చెబుతాను. ఆ బల్ల దగ్గర రెండు చదువులూ కావాల్సి వస్తున్నాయి, అది నాకు ఎంతో తృప్తి.

ఉదాహరణకి 45 అనే అంకె. ఎనిమిది ముక్కలు మధ్యలో కలిసే డిజైన్ల కోసం చేసిన స్కేలులో 45 డిగ్రీలు పై మొన దగ్గర ఉంటాయి, కింది కోణాలు 67న్నర చొప్పున. చతురాన్ని ఐమూలగా కోస్తే వచ్చే త్రిభుజంలో మాత్రం 45లు రెండూ పక్క మూలల్లో, 90 పైన. కాబట్టి స్కేలు మీద అంకె కనబడగానే అది ఏ మూలది అని అడగాలి. మామూలు పొడుగు స్కేళ్ల మీది ఏటవాలు గీతలకీ ఇదే ప్రశ్న: పొడుగు అంచుతో 60 డిగ్రీలు చేసే గీత, పొట్టి అంచుతో 30 చేస్తుంది.

ఇక ఎత్తు సంగతి. 60 డిగ్రీల స్కేలు మీద 4 అని ఉన్న గీత సాధారణంగా త్రిభుజం ఎత్తు, భుజం కాదు. 4 అంగుళాల పట్టీ నుంచి కోస్తే భుజం 4.6 అంగుళాలు దాటుతుంది. మళ్లీ కుట్టుకి అన్ని వైపులా పావు అంగుళం పోతుంది. అందుకని కుట్టాక కావలసిన ఎత్తుకి ముప్పావు అంగుళం కలిపి పట్టీ కొయ్యమంటారు. మా అమ్మాయి ఇక్కడ ఆగి, "పైన పావు, కింద పావు, మొత్తం అర కదా, మరి ముప్పావు కలపమంటారేంటి?" అంది. చాలా మంచి ప్రశ్న. అడుగు దగ్గర పావు అంగుళమే పోతుంది. మొన దగ్గర మాత్రం రెండు వైపుల కుట్లూ ఏటవాలుగా వచ్చి కలుస్తాయి, అందుకని అక్కడ అర అంగుళం పోతుంది. కాగితం మీద గీసి, లోపల పావు అంగుళం వదిలి ఇంకో త్రిభుజం గీయించాను. స్కేలు పెట్టి తనే కొలిచింది. మొన తెగిపోయినట్టు మొద్దుగా ఉండే స్కేళ్లు ఆ వృథా అయ్యే కొసను ముందే తీసేస్తాయి, వాటికి అర అంగుళం కలిపితే చాలు.

కోణం ఎంత సన్నగా ఉంటే మొన అంత గుడ్డను మింగేస్తుంది. వలయాలు చేయడానికి 9 డిగ్రీల స్కేలు ఉంటుంది, 40 ముక్కలతో పూర్తి వలయం. దానికి మొనే పెట్టారనుకోండి, పావు అంగుళం కుట్టుకి అక్కడ మూడు అంగుళాల పైచిలుకు పోతుంది! అందుకే అలాంటి స్కేలుకి పై భాగం ఉండదు, మధ్యలో ఖాళీ వదిలి గుండ్రటి గుడ్డతో మూస్తారు.

చతురాన్ని ఐమూలగా రెండు త్రిభుజాలుగా కోసేటప్పుడు, కుట్టాక కావలసిన కొలతకి 7/8 అంగుళం కలిపి చతురం కొయ్యమనేది కూడా ఇందుకే. లంబకోణం మూల దగ్గర పావు, 45 డిగ్రీల మొన దగ్గర 0.6, రెండూ కలిపి 0.85 చిల్లర. దగ్గర్లోని ఎనిమిదో వంతుకి పెంచితే 7/8. సెంటీమీటర్లతో లెక్కలు చేసుకుంటూ పెరిగిన నాకు ఈ ఎనిమిదో వంతులు పట్టుబడటానికి కొంత టైమ్ పట్టింది, మా అమ్మాయికి అవి నీళ్లప్రాయం. డిగ్రీల దగ్గర ఇద్దరం సమానం.

నాకు తెలియనిది మా అమ్మ చెప్పింది, వీడియో కాల్‌లో. చతురాన్ని ఐమూలగా ఒకసారి కోసినా, రెండుసార్లు కోసినా వచ్చే త్రిభుజాల ఆకారం ఒకటే కదా, రెండు రకాల స్కేళ్లు ఎందుకని మనవరాలు అడిగింది. అమ్మ కెమెరా ముందు ఓ గుడ్డముక్క పట్టుకుని రెండు మూలలూ పట్టి లాగింది. "చూశావా అమ్మడూ, పడుగు వైపు లాగితే కదలదు, పేక వైపు కాస్త కదులుతుంది, ఐమూలగా లాగితే చూడు ఎలా సాగుతుందో. బయటి అంచుకి ఐమూల రాకూడదే!" సరిగ్గా అదే కారణం. ఒకసారి కోస్తే పొడుగు భుజం ఐమూలలో పడుతుంది, రెండుసార్లు కోస్తే పొట్టి భుజాలు పడతాయి. ఏ భుజం బ్లాకు (ముక్కలు కలిపి కుట్టిన ఒక్కో డిజైన్ భాగం) అంచున ఉంటుందో చూసుకుని స్కేలు ఎంచుకోవాలి. కొయ్యకముందే గంజి పెట్టి ఆరేసుకోమనీ, ఇస్త్రీ పెట్టెతో రుద్దకుండా పైనుంచి నొక్కి తీయమనీ చెప్పింది. ఆ రోజు అమ్మమ్మా మనవరాలూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నా అవసరమే రాలేదు. "బాగా చదువుతున్నావా, భోంచేశావా" దగ్గర ఆగిపోయే ఫోన్లు ఎన్నో చూసినదాన్ని, నాకు ఆ సాయంత్రం ఎంత విలువైనదో చెప్పలేను.

ఒకటి మాత్రం పిల్లలతో మొదలుపెట్టేవాళ్లు మొదటే తెలుసుకోవాలి. కుట్టు అంచుకి సమాంతరంగా పోయినంతవరకు కోణం మారదు, ముక్క సైజే మారుతుంది. కుట్టు ఒక కొసన సన్నగా, ఇంకో కొసన లావుగా పడితే కోణమే మారిపోతుంది. ఎనిమిది ముక్కల్లో ఒక్కోటి అర డిగ్రీ తగ్గితే మొత్తం నాలుగు డిగ్రీలు తక్కువ. దాన్ని లాగి కలిపితే మధ్యభాగం గోపురంలా పైకి లేస్తుంది. ఎక్కువైతే అంచులు బల్లకి ఆనవు. ఇస్త్రీతో రెండూ సర్దుకోవు.

ఇప్పుడు తను 18 డిగ్రీల స్కేలుతో 20 రేకుల పువ్వు మొదలుపెట్టింది. అన్నీ కుట్టేదాకా ఆగక్కర్లేదు. ఐదు రేకులు కలిస్తే 90 డిగ్రీలు. వాటిని చతురపు స్కేలు మూల మీద పెట్టి, రెండు అంచులూ కలిశాయో లేదో చూస్తోంది. మొదటి ఐదూ కాస్త ఎక్కువ వచ్చాయి. "ఏ కుట్టు వంకరపోయిందో నేనే కనిపెడతా, నువ్వు చెప్పకు" అని గుడ్డ తిరగేసి కూర్చుంది.