జామకాయతో మొదలయ్యే పుస్తకం

హ్యూస్టన్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. మొదటి తొమ్మిదేళ్ళూ నేను చదివినవన్నీ తెలుగు పుస్తకాలే. ఇండియా వెళ్ళినప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన సర్దుకుని తెచ్చుకునేదాన్ని. అవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. ఇంగ్లిష్ నవలంటే పాపకి స్కూల్లో ఇచ్చేది, నాకు సంబంధం లేనిది అనుకునేదాన్ని.

పాప తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే తన బ్యాగు సోఫా మీంచి జారి ఒక సన్నటి పుస్తకం బయటపడింది. సాండ్రా సిస్నెరోస్ రాసిన ‘ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’. మామిడికాయల వీధి అని పేరు చూసి తెరిచాను. షికాగోలో ఒక మెక్సికన్ కుటుంబం, ఎస్పెరాన్సా అనే అమ్మాయి, 44 చిన్న చిన్న ముక్కలు. కొన్ని ఒక్క పేజీనే. ‘నా పేరు’ అనే ముక్క దగ్గర మడతపెట్టడం ఆగిపోయింది. తన పేరుకి ఇంగ్లిష్‌లో ఆశ అని అర్థమనీ, స్పానిష్‌లో మాత్రం అందులో ఎదురుచూపూ దిగులూ కూడా ఉన్నాయనీ ఆ పిల్ల చెప్తుంది. స్కూల్లో వాళ్ళు ఆ పేరు పలుకుతుంటే అక్షరాలు రేకుతో చేసినట్టు, అంగిట్లో గుచ్చుకున్నట్టు ఉంటుందంటుంది.

మా అమ్మాయి పేరులో ‘జ్ఞ’ ఉంది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను, నీ పేరు టీచర్లు ఎలా పిలుస్తారే అని. “పిలవరు. లిస్టులో నా దగ్గరికొచ్చి ఆగుతారు. ఆగారంటే నేనే అని చెయ్యెత్తేస్తా” అంది మామూలుగా, పెరుగు కలుపుకుంటూ. అన్నేళ్ళుగా అలా జరుగుతోందని నాకు తెలీదు. పుస్తకం చదవకపోతే అడిగేదాన్నీ కాదు.

మర్నాడు పుస్తకం మొత్తం చదివేసి, వదల్లేక అట్ట లోపలి అక్షరాలు కూడా చదువుతున్నాను. 1984లో మొదట అచ్చువేసింది ఆర్తే పూబ్లికో ప్రెస్ అని ఉంది. ఎక్కడుందో వెతికితే, హ్యూస్టన్ యూనివర్సిటీ. మా ఇంటి నుంచి కార్లో ముప్పావుగంట. నికొలాస్ కనెయోస్ అనే ప్రొఫెసర్ 1979లో మొదలుపెట్టిన సంస్థ. అమెరికాలో పుట్టిపెరిగిన, లేదా ఇక్కడికొచ్చి స్థిరపడిన లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ, పుస్తకాలను పెద్ద ప్రచురణకర్తలు పట్టించుకోని రోజుల్లో, వాటి కోసమే పెట్టినది. న్యూయార్క్‌లోని పెద్ద ప్రచురణకర్తలు సిస్నెరోస్ పుస్తకాన్ని మళ్ళీ వేసింది 1991లో, ఏడేళ్ళ తర్వాత. నేను కూరగాయలు కొనుక్కునే ఊళ్ళో అచ్చయిన పుస్తకం అని తెలిశాక అది నాకు దగ్గరిదైపోయింది.

ఇలాంటివి ఇంకా కావాలనిపించింది. మొదట తప్పుదారిలోనే వెళ్ళాను. లైబ్రరీ యాప్‌లో స్పానిష్ రచయిత్రులు అని కొట్టి ఇసబెల్ అయెందే, లారా ఎస్కివెల్ తెచ్చుకున్నాను. అద్భుతంగా ఉన్నాయి. ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’లో నెలకో అధ్యాయం, అధ్యాయానికో వంట, వంటింట్లో కూర్చునే చదివాను. కానీ నాకు కావలసింది అది కాదు. ఒకరు చిలీ మనిషి, ఒకరు మెక్సికో మనిషి, స్పానిష్‌లో రాశారు, మనకి అనువాదంలో వచ్చాయి. నేను వెతుకుతున్నది ఇక్కడే పెరిగి, ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో బతికి, ఇంగ్లిష్‌లో రాసినవాళ్ళ కోసం. విజయవాడలో ఉండి తెలుగులో రాసే రచయిత్రికీ, డాలస్‌లో పెరిగి ఇంగ్లిష్‌లో రాసే తెలుగమ్మాయికీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. లాటినా అనే ఒక్క మాట కింద కూడా ఎన్నో ఊళ్ళున్నాయి. మెక్సికన్ మూలాలవాళ్ళలో చాలామంది తమను చికానా అని చెప్పుకుంటారు. డొమినికన్ల కథ వేరు, క్యూబా నుంచి వచ్చినవాళ్ళ కథ వేరు. అమెరికా కిందున్న కరీబియన్ దీవి పోర్టోరికో వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులే, అయినా న్యూయార్క్ వస్తే పరాయి దేశం వచ్చినట్టే. అందర్నీ ఒకే గంపలో వేస్తే, మనల్ని చూసి “ఇండియనా? హిందీ మాట్లాడతారుగా” అన్నట్టే ఉంటుంది.

దారి చూపించింది మా బ్రాంచ్ లైబ్రేరియన్. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ హెరిటేజ్ నెల అని ముందు బల్ల మీద పుస్తకాలు పేరుస్తారు. అక్టోబరు 16న వెళ్తే బల్ల ఖాళీ, అన్నీ అల్మరాల్లోకి వెళ్ళిపోయాయి. నాకు నిజంగా బాధేసింది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ఆర్తే పూబ్లికో క్యాటలాగు మొత్తం తిరగేయమని. రెండోది, పిల్లల పుస్తకాలకిచ్చే పూరా బెల్‌ప్రే అవార్డు జాబితా.

పూరా బెల్‌ప్రే ఎవరో తెలుసుకున్నాక ఆ రోజంతా ఆవిడ గురించే ఆలోచించాను. పోర్టోరికో నుంచి వచ్చి 1921లో హార్లెంలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఉద్యోగంలో చేరింది. అక్కడ పోర్టోరికో వాళ్ళు చేరడం అదే మొదలు. చిన్నప్పుడు ఇంట్లో విన్న కథ ఒక్కటీ ఆ అల్మరాల్లో కనపడలేదు. అందుకని తనే చెప్పడం మొదలుపెట్టింది, బొమ్మలాటతో సహా. బొద్దింక మార్టీనా, ఎలుక పేరెజ్‌ల కథ 1932లో పుస్తకంగా వచ్చింది. మా ఇంట్లో ‘ఏడు చేపల కథ’ చెప్పడానికి నాకే సిగ్గేసిన రోజులు గుర్తొచ్చాయి, పాపకి అర్థం కాదేమోనని.

ఇంక చదవడమే పని అయిపోయింది. పనుల మధ్య, పాపని స్విమ్మింగ్‌కి దింపి కార్లో, రాత్రి పదకొండు తర్వాత. మధ్యలో స్పానిష్ మాటలొచ్చేవి, కింద అర్థాలుండవు. మొదట్లో ప్రతిదీ ఫోన్లో చూసేదాన్ని. తర్వాత మానేశాను. మనం తెలుగు మధ్యలో ఇంగ్లిష్ పెట్టి మాట్లాడితే ఎవరూ డిక్షనరీ తియ్యరు కదా. రెండు పేజీలు పోతే దానంతటదే తెలుస్తుంది. ఒక్క ‘అబువేలా’ దగ్గర మాత్రం ఇబ్బందిగా ఉంటుంది. అమ్మమ్మా, నాయనమ్మా అన్నది కథ చెప్పాలే గానీ మాట చెప్పదు.

ఎస్మెరాల్డా శాంటియాగో ఆత్మకథ ‘వెన్ ఐ వాజ్ పోర్టోరికన్’ 1993లో వచ్చింది. అది జామకాయ ఎలా తినాలో చెప్తూ మొదలవుతుంది. న్యూయార్క్‌లో ఒక సూపర్ మార్కెట్లో జామకాయల గుట్ట ముందు నిలబడి, చిన్నప్పుడు తిన్నవి గుర్తుచేసుకుంటుంది. పండితే లోపల ఎలా ఉంటుందో, గింజలు పళ్ళ సందుల్లో ఎలా ఇరుక్కుంటాయో, పచ్చి కాయ కొరికితే ముఖం ఎలా పెడతామో అన్నీ రాసింది. పోర్టోరికో వదిలిన రోజు తిన్న ఆఖరి జామపండు గురించి కూడా. వాసన పోతుందని తినబుద్ధి కాక, విమానాశ్రయం దాకా ముందుపళ్ళతో కొంచెం కొంచెం గీరుకుంటూ వెళ్ళిందట. చివరికి ఆ మార్కెట్లో కాయని వాసన చూసి తిరిగి పెట్టేసి, బండి తోసుకుంటూ యాపిల్స్ వైపు వెళ్ళిపోతుంది. నేను కూడా ఇక్కడ ఫియెస్టా మార్ట్‌లో జామకాయ చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ పెట్టేసి వచ్చిన రోజులున్నాయి. ఎందుకు పెట్టేశానో ఆ పేజీ చదివాక అర్థమైంది.

చదివింది నాలుగు నెలలైతే, నలుగురితో చదివించడానికి ఏడాది పట్టింది.

మా కమ్యూనిటీలో తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుంది. ఉత్సాహం కొద్దీ పద్నాలుగు పుస్తకాల జాబితా పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, ఒక్కరూ చదవలేదు. ఒకావిడ బాగా చదువుతుందని గ్లోరియా అన్జల్‌దువా ‘బోర్డర్‌ల్యాండ్స్’ చేతికిచ్చాను. 1987 నాటి పుస్తకం. చరిత్రా కవిత్వమూ రెండు భాషల్లో కలగలిసి ఉంటాయి. నాకు ప్రాణం. మూడు వారాలకి ఎక్కడిది అక్కడే ఉన్న గుర్తు కాగితంతో తిరిగొచ్చింది. అది పదో పుస్తకంగా ఇవ్వాల్సింది, మొదటిదిగా కాదు.

తర్వాతి ఆదివారం మా ఇంట్లో కలిసినప్పుడు ఫియెస్టా నుంచి రెండు డజన్ల జామకాయలు తెచ్చాను. కోసి ఉప్పూకారం చల్లి పెట్టి, జామకాయ పేజీలు రెండూ తెలుగులో చెప్పాను. చూసి చదవలేదు, చెప్పాను. మధ్యలో ఒకావిడ లేచి, వాళ్ళ తాతగారి పెరట్లో గోడెక్కి కోసిన కాయల గురించి మొదలుపెట్టింది. ఇంకొకావిడ ఏమీ మాట్లాడలేదు, వెళ్ళేటప్పుడు మాత్రం “ఆ పుస్తకం నాకివ్వండి” అంది. అప్పటి నుంచి పుస్తకం గురించి చెప్పడం మానేసి, పుస్తకంలోది ఒక పేజీ చెప్తున్నాను. ఎవరికి ఏ పేజీ అనేదే అసలు పని.

పిల్లల దగ్గరికొచ్చిన ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారున్నారు, నల్లగొండవైపు మనిషి. నవలలు చదవనంటారు. ఆయనకి జూలియా ఆల్వరెజ్ ‘ఇన్ ద టైమ్ ఆఫ్ ద బటర్‌ఫ్లైస్’ గురించి ఒక్క తారీఖు చెప్పాను: 1960 నవంబరు 25. డొమినికన్ రిపబ్లిక్‌లో త్రుహీయో నియంతృత్వాన్ని ఎదిరించిన మిరబాల్ అక్కచెల్లెళ్ళలో ముగ్గుర్ని చంపించిన రోజు. సీతాకోకచిలుకలు వాళ్ళ రహస్య పేరు. స్త్రీలపై హింసకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి పాటించే రోజు అదే అయ్యింది వాళ్ళ వల్లే. మాస్టారు మూడు రోజుల్లో చదివి ఫోన్ చేశారు. “అమ్మా, మిగిలిన నాలుగో ఆమె ఏమైంది?” డెదే 2014 దాకా బతికి, అక్కచెల్లెళ్ళ పిల్లల్ని పెంచి, వాళ్ళ జ్ఞాపకాలు కాపాడిందని చెప్పాను. ఆయన చాలాసేపు సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ గురించి, ఇళ్ళల్లో మిగిలిపోయిన వాళ్ళ అక్కచెల్లెళ్ళ గురించి మాట్లాడారు.

ఒకచోట మాత్రం పెద్ద పొరపాటు చేశాను. ఒక స్నేహితురాలింట్లో పదహారేళ్ళ అమ్మాయి. ఓణీల ఫంక్షన్ వద్దని ఆ పిల్ల, చెయ్యాల్సిందేనని తల్లి, నెలరోజులుగా గొడవ. ఎరికా సాంచెజ్ ‘ఐ యామ్ నాట్ యువర్ పర్ఫెక్ట్ మెక్సికన్ డాటర్’ సగం చదివి ఉన్నాను అప్పటికి. అందులో కూడా పదిహేనేళ్ళకి చేసే కిన్సియన్యేరా వేడుక వద్దంటుంది కథానాయిక హూలియా. సరిగ్గా సరిపోయిందనుకుని ఇచ్చేశాను. నాలుగో రోజు ఆ తల్లి ఫోన్ చేసింది. “పాప ఏడుస్తోంది, ఎందుకో చెప్పట్లేదు. ఆ పుస్తకంలో ఏముందండీ?” ఆ రాత్రి కూర్చుని మిగతాది చదివాను. హూలియా ప్రాణం తీసుకోబోయి బయటపడుతుంది. తర్వాత చికిత్స, మెక్సికో ప్రయాణం, అమ్మ గతం, అన్నీ ఎంతో నిజాయితీగా ఉంటాయి. చాలా మంచి పుస్తకం. కానీ ముందు మాట లేకుండా పదహారేళ్ళ పిల్ల చేతిలో పెట్టాల్సింది కాదు. పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. “ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి చదివేవాళ్ళం కదా” అంది, తర్వాత అలాగే చదివారు. ఇప్పుడు ఆఖరి పేజీ దాకా చదవనిదే ఎవరికీ ఇవ్వను. పిల్లలకైతే లోపల ఏముందో ముందు పెద్దవాళ్ళకి చెప్పి ఇస్తాను.

కిందటి వేసవిలో అమ్మ వచ్చింది. మాది నరసాపురం. అమ్మ పెళ్ళికి ముందూ తర్వాతా కూడా లేసు అల్లింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినవి లెక్కపెట్టి డబ్బులిచ్చేవాడు. ఎక్కడికి పోతాయో తెలీదు, విదేశాలకంటారంతే. అమ్మకి ఇంగ్లిష్ రాదు. మధ్యాహ్నాలు తోచక కూర్చుంటే పామ్ మున్యోజ్ రయన్ ‘ఎస్పెరాన్సా రైజింగ్’ రోజుకో అధ్యాయం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఇంకో ఎస్పెరాన్సా. 1930లో మెక్సికోలో భూస్వామి కూతురు. తండ్రిని చంపేస్తే ఉన్నదంతా పోగొట్టుకుని తల్లితో కాలిఫోర్నియా పొలాల్లో కూలికొస్తుంది. రచయిత్రి సొంత అమ్మమ్మ బతుకు మీద అల్లిన కథ. అధ్యాయాల పేర్లు దాదాపు అన్నీ కాయగూరలూ పళ్ళూ, ఏ పంట చేతికొస్తుంటే ఆ పేరు. ద్రాక్షతో మొదలై ఉల్లి, ప్లమ్, బంగాళాదుంప మీదుగా మళ్ళీ ద్రాక్ష దగ్గరికే వస్తుంది. “పంట చెప్తే చాలు, ఏ నెలో తెలిసిపోద్ది” అంది అమ్మ. ఆ పిల్లకి చీపురు పట్టడం రాక అందరూ నవ్వే చోట అమ్మ నవ్వలేదు. “ఎవరన్నా నేర్పితే కదా” అంది.

ఆ కథలో అబువెలీటా, అంటే అమ్మమ్మ, ప్రయాణం చేయలేక వెనక ఉండిపోతుంది. సగం అల్లిన దుప్పటి మనవరాలికిచ్చి పూర్తి చెయ్యమంటుంది. కొండలూ లోయలూ వచ్చేలా అల్లే పద్ధతి కూడా చెప్తుంది. కొండ పైదాకా పది కుట్లు, ఒకటి కలపాలి. లోయ కిందికి తొమ్మిది కుట్లు, ఒకటి వదలాలి. నేను చదివి ముందుకెళ్ళబోతుంటే అమ్మ ఆపింది.

“మళ్ళీ చెప్పు. కిందికి ఎన్ని?”

“తొమ్మిది.”

వేళ్ళ మీద లెక్కేసుకుంది. మర్నాడు కొట్టుకి తీసుకెళ్ళమని ఉన్ని కొనిపించింది, ఆకుపచ్చ, ముదురు నీలం. క్రోషా సూది తనదే, ఇండియా నుంచి తెచ్చుకుంది. రెండుసార్లు విప్పింది, మూడోసారికి కొండ కుదిరింది. కథ అయిపోయేసరికి దుప్పటి మోకాళ్ళ దాకా వచ్చింది. పాప వచ్చి రెండో కొసన కూర్చుంటే దానికీ సూది ఇచ్చి పట్టుకోవడం చూపించింది.

వెళ్ళేముందు ఒక రాత్రి హాల్లో లైటు వెలుగుతుంటే లేచి చూశాను. అమ్మ నరసాపురంలో పిన్నితో ఫోన్లో మాట్లాడుతోంది, ఒళ్ళో దుప్పటి. కథంతా చెప్పేసినట్టుంది.

“రాసుకోవే, పది పైకి. ఒకటి కలుపు. తొమ్మిది కిందికి. ఒకటి వదిలెయ్. ఆఁ, వదిలెయ్యాలి, లేకపోతే లోయ రాదు.”